బటన్ లిబాస్ ఎవరి మర్జీ?

కంప్యూటర్ తెర మీద బటన్ అనేది అసలుకు లేదు. అక్కడున్నవి కొన్ని రంగు చుక్కలు. పైఅంచున కాస్త తెలుపు, కిందిఅంచున కాస్త నలుపు పూస్తే ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. నొక్కగానే ఆ తెలుపు నలుపు తారుమారవుతాయి, అది లోపలికి దిగినట్టు మన కళ్లకు తోస్తుంది. దాని పని వేరు, రూపం వేరు. పని అంటే నొక్కితే ఫైల్ సేవ్ కావడం, డబ్బు బదిలీ కావడం. రూపం అంటే రంగు, అంచు, మూల గుండ్రమా పలకా, అక్షరం ఎంత పెద్దది. మొదటిది బాతిన్ అనుకుంటే రెండోది జాహిర్. యాప్‌లు చేసేవాళ్లు ఈ జాహిర్‌ని థీమ్ అంటారు. నేను లిబాస్ అంటాను.

ఈ లిబాస్ కుట్టే హక్కు ఎవరిది? సిస్టం తయారుచేసిన కంపెనీదా, యాప్ రాసిన ప్రోగ్రామర్‌దా, రోజంతా దాన్ని చూస్తూ కూర్చునే మనదా? నలభై ఏళ్లుగా ఈ బహస్ నడుస్తూనే ఉంది. న్యూస్ డెస్కుల్లో ఉర్దూ, తెలుగు రెండు లిపులతోనూ తెర ముందు బతికినవాణ్ని కాబట్టి, ఈ తారీఖ్ నాకు ఇంజనీర్ల సంగతిలా కంటే ఇంటి సంగతిలాగే ఉంటుంది. మన రెండు జుబాన్లకూ ఇందులో హిస్సా ఉంది. అక్కడికి వస్తాను.

1984 జనవరిలో ఆపిల్ మెకింతోష్ వచ్చింది. అందులో బటన్‌ని ప్రతి ప్రోగ్రామర్ సొంతంగా గీయాల్సిన జరూరత్ లేదు. సిస్టంలోనే సీడెఫ్ అనే చిన్న కోడ్ ముక్క ఉండేది. కంట్రోల్ డెఫినిషన్‌కి పొట్టిపేరు అది. ప్రోగ్రాం దానికి ఖబర్ పంపేది: నిన్ను నువ్వు గీసుకో, ఇదిగో ఇక్కడ క్లిక్ పడింది, నీ మీదేనా చూడు. మామూలు బటన్‌కి, చెక్‌బాక్స్‌కి, రేడియో బటన్‌కి కలిపి 0 నంబరు సీడెఫ్. స్క్రోల్‌బార్‌కి 1 నంబరు. కిటికీ చట్రాలకి డబ్ల్యూడెఫ్ అని ఇంకోటి. అన్ని ప్రోగ్రాంలూ ఒకే దర్జీ దగ్గర కుట్టించుకున్నట్టు ఒకేలా కనిపించేవి. కొత్త ప్రోగ్రాం తెరిచినా ఏది నొక్కాలో తెలిసేది.

అయితే దర్జీని మారిస్తే? సీడెఫ్ ముక్క తీసేసి దాని జాగాలో ఇంకోటి పెడితే, మిషన్లో ఉన్న ప్రతి ప్రోగ్రాం బటనూ ఒక్కసారే కొత్త బట్టలు తొడుక్కుంటుంది. ప్రోగ్రాంలకు ఆ ఖబరే ఉండదు. 1990లలో గ్రెగ్ ల్యాండ్‌వెబర్, ఆర్లో రోజ్ అనే ఇద్దరు ఇదే పని చేసి కెలిడోస్కోప్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చారు. జనం షౌక్‌తో దానికి స్కీములు తయారుచేసి పంచుకున్నారు, వేలల్లో. చెక్క బటన్లు, రాగి బటన్లు, చూస్తే తలనొప్పి వచ్చే బటన్లు కూడా.

ఆపిల్ ఊరుకోలేదు, తనే థీములిస్తానంది. 1997లో వచ్చిన మ్యాక్ ఓఎస్ 8లో ప్లాటినం అనే బూడిదరంగు రూపం, దాని వెనక అప్పియరెన్స్ మేనేజర్ అనే ఇంతెజాం పెట్టింది. 1998లో 8.5కి గిజ్మో, హైటెక్, డ్రాయింగ్ బోర్డ్ అని ఇంకో మూడు లిబాసులు తయారయ్యాయి. విడుదలకు ముందు మూడింటినీ తీసేశారు. థీమ్ మార్చే తలుపు మాత్రం సిస్టంలో అలాగే మిగిలింది, తలుపు వెనక గదిలో ఒకటే దుస్తు. స్టీవ్ జాబ్స్ తిరిగొచ్చిన తర్వాతి ముచ్చట ఇది. 2000 జనవరిలో ఆయన ఆక్వా చూపించాడు. నీటిబొట్టులా మెరిసే నీలం బటన్లు. వాటిని చూసి జనం విండోస్‌కీ, లినక్స్‌కీ అలాంటి థీములు చేస్తే ఆపిల్ వకీళ్ల నోటీసులు వెళ్లాయి. బటన్ మెరుపు కూడా ఒకరి జాయిదాద్ అయిపోయింది.

యూనిక్స్ దునియాలో ఇదే కాలంలో పూర్తిగా ఉల్టా నడిచింది. ఎంఐటీలో 1984లో మొదలైన ఎక్స్ విండో సిస్టం వాళ్ల ఉసూల్ ఏంటంటే, సాధనం మేమిస్తాం, పద్ధతి మీరు పెట్టుకోండి. వాడేవాడి ఇంటి ఫోల్డర్లో ఎక్స్‌డిఫాల్ట్స్ అనే సాదా ఫైలు. అందులో ఒక చుక్కగుర్తు పెట్టి 'ఏ ప్రోగ్రాం అయినా సరే, బటన్ అనేది కనిపిస్తే దాని వెనక రంగు ఇది' అని ఒక్క లైను రాస్తే చాలు, ఆ ఫైలు చదివే ప్రోగ్రాంలన్నీ వినేవి. హక్కు మొత్తం వాడేవాడి చేతిలో. మజా ఏంటంటే, ఇంత హక్కు దొరికినా చాలామంది తెరలు చూడ్డానికి ఖబరస్తాన్‌లా ఉండేవి. ఎందుకంటే ఆ ఫైలు రాయడం రావాలి కదా. చేతికిచ్చిన హక్కు వాడుకోవడం తెలియకపోతే ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? తర్వాత ఎక్సా3డీ అనే లైబ్రరీ వచ్చింది. పాత చదును బటన్ల లైబ్రరీ తీసి దీన్ని పెడితే ప్రోగ్రాంలు ఒక్క అక్షరం మారకుండా ఉబ్బెత్తు బటన్లతో నడిచేవి. కెలిడోస్కోప్ చేసిన పనే, ఇంకో దారిలో.

మనలో ఎక్కువమంది చూసింది విండోస్. 1992 నాటి విండోస్ 3.1లో రంగుల జాబితాలు ఉండేవి. అందులో హాట్‌డాగ్ స్టాండ్ అని ఒకటి, ఎరుపు పసుపు కలిపి ముఖం మీద విసిరినట్టు. అందరూ దాన్ని చూసి నవ్వుతారు. నేను మాత్రం ఆ రంగుల జాబితాకే ఎక్కువ ఇజ్జత్ ఇస్తాను. దాని వెనక ఒక షరతు ఉంది. ప్రోగ్రాం బటన్ గీసేముందు సిస్టంని అడగాలి: బటన్ ముఖం రంగు ఏది? దాని మీద అక్షరం రంగు ఏది? సిస్టం, వాడేవాడు ఎంచుకున్నదే చెప్తుంది. చూపు తక్కువైనవాళ్లు నల్ల నేల మీద పసుపు అక్షరాలు పెట్టుకుంటే ప్రతి బటనూ అలాగే వచ్చేది. విండోస్ 95లో దీనికి హైకాంట్రాస్ట్ అని పేరుపెట్టి ఒక్క మీటతో వచ్చేలా చేశారు.

షరతు తప్పిన ప్రోగ్రామర్లు లేకపోలేదు. వెనక తెలుపు అని తమ కోడ్‌లో పాతేసి, అక్షరం రంగు మాత్రం సిస్టంని అడిగేవాళ్లు. వాళ్ల మిషన్లో నల్ల అక్షరం, అంతా ఖైరియత్. హైకాంట్రాస్ట్ పెట్టుకున్నవాళ్ల మిషన్లో అక్షరం కూడా తెలుపే. తెలుపు మీద తెలుపు. బటన్ ఉంది, పనిచేస్తుంది, కనిపించదు. అందం కోసం రాసిన ఒక్క లైను ఒక మనిషిని మొహతాజ్ చేస్తుందంటే ఇదే.

ఇక 2001 అక్టోబర్ 25. విండోస్ ఎక్స్‌పీ. లూనా అనే థీమ్, నీలం పట్టీ, ఆకుపచ్చ స్టార్ట్ బటన్. ఆలివ్, వెండి రంగులు కూడా ఇచ్చారు. అంతకుముందు బటన్ అంటే నాలుగు గీతలు, ఒక రంగు. ఇప్పుడు అది బొమ్మ. ఎంఎస్‌స్టైల్స్ అనే ఫైల్లో ప్రతి కంట్రోల్‌కి, దాని ప్రతి హాలత్‌కి వేరే బొమ్మ. మామూలుగా ఉంటే 1, మౌస్ మీదకొస్తే 2, నొక్కితే 3, పనిచేయని స్థితికి 4, ఎంటర్ కొడితే ఇదే నొక్కబడుతుంది అని చెప్పడానికి 5. ప్రోగ్రాం యూఎక్స్‌థీమ్ అనే లైబ్రరీకి చెప్పేది: ఇది బటన్, దీని హాలత్ 2, ఈ కొలతలో గీయి. ఏ రంగులో అన్నది ప్రోగ్రాంకి తెలియనక్కర్లేదు. కాయిదాగా చూస్తే బహుత్ అచ్ఛా. పని ఒకవైపు, లిబాస్ ఒకవైపు, మధ్యలో నంబర్లు.

ముష్కిల్ పాత ప్రోగ్రాంలతో వచ్చింది. పదేళ్లుగా రాసిన ప్రోగ్రాంలు బటన్ ఇంత ఎత్తు, అంచు ఇంత మందం అని లెక్కేసుకుని, దాని మీద తమ గీతలు గీసుకుని ఉన్నాయి. వాటన్నిటికీ ఒక్కసారి కొత్త బట్టలు తొడిగితే చిరిగిపోతాయి. అందుకని మైక్రోసాఫ్ట్ ఒక ఇజాజత్ పత్రం అడిగింది. మ్యానిఫెస్ట్ అనే చిన్న ఫైలు. 'నాకు కామన్ కంట్రోల్స్ 6వ వెర్షన్ కావాలి' అని అందులో రాసుకున్న ప్రోగ్రాంకే కొత్త బటన్లు. రాసుకోనివాటికి కిటికీ చట్రం మాత్రం కొత్తది, లోపల బటన్లన్నీ 1995 నాటి బూడిదరంగు. షేర్వానీ తొడుక్కుని కింద లుంగీ కట్టుకున్నట్టు. ఆ రోజుల్లో ఎక్స్‌పీ వాడినవాళ్లకి ఈ నజారా గుర్తుండే ఉంటుంది.

దుకాణాల బిల్లింగ్, స్కూల్ ఫీజుల లెక్కలు, ఇలాంటి చిన్న ప్రోగ్రాంలు అప్పట్లో చాలామంది విజువల్ బేసిక్ 6లో రాసేవాళ్లు. అందులో మ్యానిఫెస్ట్ పెడితే ఇంకో తమాషా. ఫ్రేమ్ అనే పెట్టెలో ఉంచిన గుండ్రటి ఆప్షన్ బటన్ల వెనక నల్లటి మచ్చ వచ్చేది. కొత్త థీమ్ వెనక నేల తనది కాదనుకుని గీయడం మానేసేది, ఫ్రేమ్ కూడా గీసేది కాదు. మధ్యలో మిగిలిన ఖాళీ నలుపు. విరుగుడుగా ప్రోగ్రామర్లు ఫ్రేమ్‌లో ఇంకో పిక్చర్‌బాక్స్ పెట్టి, దాంట్లో బటన్లు పెట్టేవాళ్లు. ట్యాబ్ పేజీల కథ ఇంకోటి. లూనాలో ట్యాబ్ వెనక లేతగా మారే రంగు. దాని మీద పెట్టిన చెక్‌బాక్స్ మాత్రం చుట్టూ బూడిదరంగు చతురస్రంతో, పాత గోడకి కొత్త అతుకులా కనిపించేది. అలా ఒక లిబాస్ మార్పుకి దునియాలో ఎన్ని లక్షల గంటల కూలీ ఖర్చయిందో ఎవరూ లెక్కకట్టినట్టు లేదు.

మరి మన చేతికి ఏం వచ్చింది? మూడు రంగులు. ఎంఎస్‌స్టైల్స్ ఫైలుకి మైక్రోసాఫ్ట్ దస్తఖత్ ఉండాలి, లేకపోతే సిస్టం దాన్ని తొడగదు. జనం యూఎక్స్‌థీమ్ లైబ్రరీనే మార్చి దస్తఖత్ చూడడం ఆపేసి, తమ థీములు వేసుకున్నారు. స్టార్‌డాక్ వాళ్ల విండోబ్లైండ్స్ కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు. నాకు ఎక్స్‌పీలో నచ్చిన సంగతి ఒక్కటుంది. హైకాంట్రాస్ట్ పెట్టుకుంటే లూనా మొత్తం పక్కకు తప్పుకుని, పాత గీతల బటన్లు, మన రంగులు తిరిగొచ్చేవి. అందం ఎంత ఉన్నా అవసరానికి దారిచ్చేది.

ఆ కాలంలో ఇంకో రెండు సంగతులు, క్లుప్తంగా. 1998 డిసెంబర్‌లో వచ్చిన జావా 1.2లో స్వింగ్ అనే బటన్ల ఖజానా ఉంది. లిబాస్‌ని ఊడదీసి ఇంకోటి తొడగొచ్చు, అదే దాని గొప్ప. కానీ విండోస్ రూపం విండోస్ మిషన్లోనే తొడుక్కునేది, వేరేచోట ఒప్పుకునేది కాదు. మెటల్ అనే సొంత రూపంలో మాత్రం ఎక్కడైనా ఉండేది, ఎక్కడికెళ్లినా పరదేశీలా. రెండోది విన్యాంప్. నెట్ కేఫ్ కంప్యూటర్లలో ఖవ్వాలీలు, సినిమా పాటలు దాంట్లోనే వినేవాళ్లం. దాని స్కిన్ అంటే కొన్ని బొమ్మల ఫైళ్లను జిప్ చేసి పేరు మార్చడమే. పెయింట్ తెలిస్తే చాలు, కోడ్ రానక్కర్లేదు. బటన్లు ఎక్కడుండాలో ప్రోగ్రాం చెప్తుంది, ఎలా ఉండాలో మనం. హక్కు నిజంగా మామూలు కుర్రాళ్ల చేతికి వచ్చింది అప్పుడే అనిపిస్తుంది.

ఇప్పుడు మన జుబాన్ల ముచ్చట.

థీమ్ అంటే రంగు ఒక్కటే కాదు, కొలత కూడా. బటన్ ఎత్తు ఇంత, లోపల అక్షరానికి పైన ఇంత కింద ఇంత ఖాళీ. ఈ కొలతలు తీసింది ఇంగ్లీషు అక్షరాల మీద. మన తెలుగుకి కింద వొత్తు, వొత్తు కింద ఇంకో వొత్తు, పైన గుడి. 'రాష్ట్రం' అని రాసి చూడండి, 'స్త్రీ' అని రాసి చూడండి. ఇక నస్తాలీఖ్‌లో ఉర్దూ మాట కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి జారుతుంది. మాటలో అక్షరాలు ఎన్ని కలిస్తే అంత ఎత్తు కావాలి.

ఒక దఫ్తర్‌లో మేం వాడిన ప్రోగ్రాంలో ప్రింట్ బటన్‌కి ఉర్దూలో 'ఛాపేఁ' అని పెట్టారు. ఆ మాటలో చే కింద మూడు నుక్తాలు, పే కింద మూడు, యే కింద రెండు. సామాను మొత్తం కిందే వేలాడుతుంది. బటన్ ఎత్తు ఇంగ్లీషు కొలతది. కిందిభాగం తెగిపోయి నుక్తాలన్నీ గాయబ్. నుక్తా లేకపోతే చేకి, జీంకి ఫర్క్ లేదు, బేకి పేకి ఫర్క్ లేదు. మా సీనియర్ ఒకాయన, కితాబత్ నేర్చిన మనిషి, ఆ బటన్‌ని చూసి, దీనికి గర్దన్ ఉంది పాదాలు లేవు అనేవారు. కొత్తగా చేరినవాళ్లు అది ఏ బటనో అడిగి తెలుసుకునేవాళ్లు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ వేలకొద్దీ అక్షర సంయోగాలు చేత్తో రాసి మోనోటైప్ మిషన్ కోసం నూరీ నస్తాలీఖ్ తయారుచేశాడు. కాగితం మీద ఆ కష్టం గెలిచింది. బటన్ దగ్గరికొచ్చేసరికి కొన్ని చుక్కల ఎత్తు తక్కువై ఆగిపోయింది.

ఫోన్లలో ఈ కథ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కుడినుంచి ఎడమకి నడిచే లిపులకి ఆండ్రాయిడ్ పూర్తి ఇంతెజాం చేసింది 2012లో, 4.2 వెర్షన్లో. అప్పటినుంచి ప్రోగ్రామర్ 'ఎడమ', 'కుడి' అని కాకుండా 'మొదలు', 'చివర' అని రాయొచ్చు. ఉర్దూలో మొదలు కుడివైపు, తెలుగులో ఎడమవైపు, బటన్లు వాటంతటవే సర్దుకుంటాయి. వెనక్కి వెళ్లే బాణం తిరగబడాలి, టిక్ గుర్తు తిరగబడకూడదు. ఇలాంటి నాజూకు సంగతులు చాలా ఉన్నాయి.

ఎత్తు సంగతి మాత్రం తేలడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఎత్తు ఎక్కువున్న లిపులకి ఆండ్రాయిడ్‌లో రెండు రకాల ఫాంట్లు ఉంటాయి. ఒకటి నిండుగా, చదవడానికి హాయిగా ఉండేది. ఇంకోటి నిలువుగా కుదించి, ఇంగ్లీషు పెట్టెలో పట్టేలా చేసింది. మామూలుగా బటన్ల మీద, మెనూల మీద కనిపించేది ఆ కుదించినదే. 2014లో ఎలిగెంట్ టెక్స్ట్ హైట్ అనే మీట ఒకటి ఇచ్చారు. థీమ్‌లో దాన్ని ఆన్ చేస్తే నిండు అక్షరం వస్తుంది. ఎంతమంది ప్రోగ్రామర్లు ఆన్ చేస్తారు? తెలుగు, అరబ్బీ చదవనివాడికి అసలు అలాంటి మీట ఉందనే ఖయాల్ ఎందుకొస్తుంది? 2024లో ఆండ్రాయిడ్ 15 వచ్చాక, దాని కోసం తయారుచేసే యాప్‌లకి ఆ మీట దానంతటదే ఆన్‌లో ఉంటుంది. అరబ్బీ, తమిళం, కన్నడం, మలయాళం, ఒడియా, తెలుగు, ఇంకా కొన్ని లిపులకి ఇది వర్తిస్తుంది. కుదించడం ఇన్నాళ్లూ కాయిదా, నిండుగా రాయడం మినహాయింపు. పదేళ్లకి అది తిరగబడింది. థీమ్‌లో ఒక్క లైను. నా లెక్కన ఈ మొత్తం తారీఖ్‌లో ఆక్వా మెరుపు కంటే ఇదే పెద్ద ఘటన, అయినా దీని గురించి ఏ పేపర్లోనూ మొదటి పేజీ వార్త నేను చూడలేదు.

ఆండ్రాయిడ్‌లోనే థీమ్ హక్కు మీద ఇంకో తగాదా నడిచింది. ఫోన్ కంపెనీ ఏదైనా బటన్లు తన ఇష్టం వచ్చినట్టు మార్చేది, యాప్ రాసినవాడికి ఏ ఫోన్లో తన బటన్ ఎలా కనిపిస్తుందో తెలిసేది కాదు. 2012 జనవరిలో గూగుల్ హుకుం చేసింది: ఆండ్రాయిడ్ 4 ఫోన్లో మా మార్కెట్ కావాలంటే హోలో థీమ్‌ని మార్చకుండా ఫోన్లో ఉంచాల్సిందే. కంపెనీలు తమ రూపం పెట్టుకోవచ్చు, కానీ హోలో అడిగిన యాప్‌కి అసలు హోలోనే ఇవ్వాలి. సబబైన ఫైసలా అనే అంటాను.

ఆపిల్ 2013లో ఐఓఎస్ 7తో బటన్ల అంచులే తీసేసింది. నీలం రంగు మాట ఒకటి కనిపిస్తుంది, అది బటనో వట్టి రాతో మనమే పోల్చుకోవాలి. మా అమ్మీలాంటి పెద్దవాళ్ల చేతికి అలాంటి తెర ఇస్తే, 'బేటా, ఇందులో నొక్కేది ఏదీ?' అనే అడుగుతారు. షికాయతులు వచ్చాయి. 2014లో 7.1తో బటన్ షేప్స్ అనే మీట సెట్టింగుల్లో పెట్టారు, ఆన్ చేస్తే బటన్‌కి ఆకారం తిరిగొస్తుంది. ఫ్యాషన్ కోసం తీసింది అందరికీ తీశారు. ఇచ్చింది మాత్రం అడిగి వెతుక్కున్నవాళ్లకి.

అటు లినక్స్‌లో, ఒకప్పుడు అంతా వాడేవాడి మర్జీ అన్న ఆ ఇంట్లోనే, 2019 మేలో ఒక బహిరంగ ఖత్ వచ్చింది. రాసింది గ్నోమ్ యాప్‌లు తయారుచేసేవాళ్లు. మా యాప్‌లకి దయచేసి థీములు తొడగొద్దు అని దాని సారాంశం. వాళ్ల బాధ నిజమైనదే. వాళ్లు ఒక రూపంలో పరీక్షించి యాప్ ఇస్తారు, లినక్స్ పంపిణీచేసేవాళ్లు దానికి తమ థీమ్ తొడిగితే ఎక్కడో అక్షరం మాయమవుతుంది, ఎక్కడో గుర్తు మారిపోతుంది. తిట్లు మాత్రం యాప్ రాసినవాడికి. వాళ్లు ఒక మాట సాఫ్‌గా రాశారు కూడా, మీ సొంత కంప్యూటర్లో మీరు మార్చుకుంటే మాకు అభ్యంతరం లేదని, గొడవ పంపిణీదారులతోనేనని. అయినా 2021 చివర్లో లిబ్‌అద్వైత అనే లైబ్రరీ వచ్చాక, దాన్ని వాడే యాప్‌లు సిస్టం థీమ్‌ని వినడం మానేశాయి. పంపిణీదారుల మీద వేసిన తాళం మామూలు మనిషికీ పడింది. 2024లో గ్నోమ్ 47తో బటన్ల ముఖ్య రంగు ఎంచుకునే వీలు వచ్చింది, కొన్ని రంగుల జాబితాలోంచి. ఎక్స్‌పీ నాటి మూడు రంగుల కంటే కొంచెం ఎక్కువ.

ఇద్దరివైపూ న్యాయం ఉందని చెప్పి తప్పుకోవచ్చు. నేను తప్పుకోను. పంపిణీచేసేవాడికి యాప్ బట్టలు మార్చే హక్కు లేకపోతే నాకు బాధ లేదు. చూసేవాడి కంటికి కావాల్సిన రంగుకి, చదివేవాడి లిపికి కావాల్సిన ఎత్తుకి అడ్డుపడే థీమ్ ఎంత నాజూకుగా ఉన్నా దాన్ని అందం అనను.

విండోస్‌లో క్లాసిక్ రూపాన్ని 2012లో, విండోస్ 8తో తీసేశారు. హైకాంట్రాస్ట్ మిగిలింది, ఇప్పుడు దాని పేరు కాంట్రాస్ట్ థీమ్స్. వెబ్‌సైట్లకి కూడా ఆ షరతు పాకింది. వాడేవాడు కాంట్రాస్ట్ థీమ్ పెట్టుకుంటే బ్రౌజర్ ఫోర్స్‌డ్ కలర్స్ అనే స్థితిలోకి వెళ్తుంది, సైటు రాసినవాడి రంగులు పక్కకు జరుగుతాయి. బటన్లు బటన్‌ఫేస్, బటన్‌టెక్స్ట్ అనే రంగులు తీసుకుంటాయి. బటన్ ముఖం రంగు ఏది అని 1990లలో ప్రోగ్రాంలు అడిగిన ఆ పాత సవాల్‌కి జవాబులే అవి. అయితే అదే సీఎస్ఎస్‌లో ఫోర్స్‌డ్ కలర్ అడ్జస్ట్ అని ఇంకో లైను కూడా ఉంది. దానికి 'నన్' అని రాస్తే, ఆ బటన్ మీద వాడేవాడి రంగు చెల్లదు, రాసినవాడి రంగే ఉంటుంది. రంగుల నమూనాలు చూపించే చోట అది జరూరీ. ఇంకెక్కడెక్కడ రాస్తున్నారో, మీ ఇంట్లో యాప్‌లు చేసే బేటానో బేటీనో ఉంటే అడిగి చూడండి.